పందికి ఎఫ్ఐఆర్ ఉండదు సారూ

అడవిపందుల నుంచి పంట కాపలాకు మా నాయన ఉంచుకున్న తుపాకీ నా పేరుకు మార్చమని లైసెన్సు ఆఫీసులో పెట్టిన ఫైలు ఇవాళ మళ్లీ తిప్పి పంపించారు. తుపాకీ పట్టుకోవడం నేర్చుకున్నట్టు నాకు శిక్షణ సర్టిఫికెట్ లేదంట. పోయినసారి ఇదే బల్ల దగ్గర ఇదే సారు కాగితాలన్నీ తిరగేసి "అన్నీ ఉన్నాయి, ఇంక పో అప్పా" అన్నాడు. ఆ మాట గుర్తు చేస్తే తల కూడా ఎత్తకుండా "అప్పుడు చూసుకోలేదు" అన్నాడు. వాళ్లు చూసుకోకపోతే బస్సు చార్జీ మనది, పోగొట్టుకున్న పనిరోజు మనది.

చట్టం తెలియక అరుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. 2016 ఆయుధాల రూల్సులో ఉంది. లైసెన్సు ఉన్న మనిషికి 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, వారసుడి పేరుకు మార్చుకోవచ్చు. మా నాయనకు రెండూ ఎప్పుడో దాటిపోయాయి. ఆయనకు రాత్రిపూట కళ్లు ఆనవు, నేను ముట్టుకుంటే కేసు. తుపాకీ అంటే సినిమాలో చూసేది ఊహించుకోకండి. పన్నెండు బోరు సింగిల్ బ్యారెల్. కట్టె చీలితే మా నాయన రాగితీగ చుట్టాడు. ఒకటి కాల్చాక గొట్టం విరిచి ఖాళీ తూటాను గోరుతో లాక్కోవాలి. అది ఉబ్బి ఇరుక్కుంటే ముందు నుంచి పుల్ల పెట్టి పొడవాలి. ఆయన ఆ పని ముగించేలోపు పందుల గుంపు పక్క చేన్లోకి పోయి శనక్కాయ తిని, తీరిగ్గా మా చేన్లోకి తిరిగి రావచ్చు.

లైసెన్సు ఫీజు గురించి నేను ఏడవడం లేదు. చలానా పెద్ద మొత్తమేం కాదు. 2019 సవరణ తర్వాత గడువు కూడా మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఆ ఒక్క మేలు ఒప్పుకుంటా. రైతును తినేసేది చలానా వెనకాల వచ్చే ఖర్చు. ఎస్-3 ఫారం మీద డాక్టరు రాసివ్వాలి, ఒళ్లూ మనసూ రెండూ బాగున్నాయని. ఆ ఆఫీసు మెట్లు ఎక్కి దిగినవాడికి మనసు బాగుందని సంతకం పెట్టే డాక్టరు నిజంగా ధైర్యవంతుడు. ఆన్‌లైన్ సెంటరు వాడిది ఒక రేటు. ఎంక్వైరీకి వచ్చేవాళ్ల "టీ ఖర్చు" ఇంకో రేటు, ఆ టీ ఏ తోటలో పండుతుందో గానీ. పోలీసు రిపోర్టు 30 రోజుల్లో రావాలని అవే రూల్సులో ఉంది. మా ఊళ్లో ఈ మాట చెప్తే బడి పిల్లలు కూడా నవ్వుతారు.

ఇప్పుడు శిక్షణ సంగతి. నేర్చుకోవద్దని నేను అనను. తుపాకీ ఎలా దాచాలి, ఎలా మోయాలి, లోపల తూటా ఉందో లేదో ఎలా చూసుకోవాలి, ఇవి తెలియనివాడి చేతికి ఇవ్వకూడదు. కానీ ఎక్కడ నేర్చుకోవాలి సారూ అంటే "అది మీరే కనుక్కోవాలి" అంటాడు. ఒకరు హైదరాబాద్ అన్నారు, ఒకరు బెంగళూరు అన్నారు. బెంగళూరు దగ్గరే కదా అంటారు అందరూ. అనంతపురం నుంచే రెండొందల కిలోమీటర్లు దాటుతుంది, మా ఊరు కల్యాణదుర్గం అవతల. బస్సు చార్జీలు, బస, క్లబ్బు ఫీజు, కాల్చిన ప్రతి తూటాకూ లెక్క. ఎందుకు ఇదంతా? పతకాల కోసం సాధన చేసే పిల్లల పక్కన నిలబడి, పంది వస్తే గాల్లోకి ఎలా కాల్చాలో నేను నేర్చుకోవాలి.

అవును, గాల్లోకే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపితే జైలుకు పోయేది నేనే. ఆయుధాల చట్టమేమో పంట కాపలాకు తుపాకీ ఇవ్వొచ్చు అంటుంది, ఈ చట్టమేమో పందిని ముట్టుకోవద్దు అంటుంది. రెండూ చదివినవాడికి మిగిలేది "డాం" అని ఒక శబ్దం. దేశంలోకెల్లా ఖరీదైన లక్ష్మీబాంబు మా ఇంటి బీరువాలో ఉంది.

అయినా ఇవాళ నా ఒళ్లు మండింది దీనికి కాదు. ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చి టీ అంగడి దగ్గర కూర్చున్నాను. ఒక తెల్ల బండి వచ్చి ఆగింది, నాయకుడు దిగి ఆఫీసులోకి పోయాడు. పేరు చెప్పను, చెప్తే రేపు నాకే గన్‌మన్ కావాల్సి వస్తుంది. ఆయన గన్‌మన్ వచ్చి నా ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. తుపాకీ రెండు తొడల మీద అడ్డంగా పడేసి ఫోన్ తీశాడు. గొట్టం నేరుగా బజ్జీలు వేస్తున్న ఆడమనిషి పొట్ట వైపు ఉంది. ఆమె జల్లిగరిటె పట్టుకునే ఒకసారి చూసి, కొంచెం పక్కకు జరిగింది. రీల్ నచ్చినప్పుడల్లా ఆయన మోకాలు ఊగుతోంది, దాంతోపాటు గొట్టం కూడా. ఆమె మళ్లీ జరిగింది. ఇంకాస్త జరిగితే నూనె బాండలిలోనే.

ఏ శిక్షణలోనైనా మొదటి రోజు మొదటి పాఠం ఏమిటి? గొట్టం మనిషి వైపు తిప్పకు. ఆయన ప్రభుత్వ ఖర్చుతో నేర్చుకుని, ప్రభుత్వ తుపాకీ పట్టుకుని, ప్రభుత్వ జీతం తీసుకుంటున్నాడు. సర్టిఫికెట్ లేని ప్రమాదకరమైన మనిషిని నేను!

మన సీమలో గన్‌మెన్ అంటే ప్రాణరక్షణ కోసమే అని ఇంకా ఎవరైనా నమ్ముతున్నారా? ఎంతమంది గన్‌మెన్ ఉంటే అంత హోదా, 1+1 అంటే ఒక లెక్క, 2+2 అంటే ఒక లెక్క. ప్రభుత్వం మారగానే ఎవరికి తీసేశారు, ఎవరికి ఇచ్చారు అని ఊళ్లో క్రికెట్ స్కోరు కంటే ఎక్కువ మాట్లాడుకుంటారు. తీసేస్తే కోర్టుకు పోతారు. పందులు మేసిన చేనికి పరిహారం రాలేదని కోర్టుకు పోయిన రైతును నేనైతే చూడలేదు, లాయరు ఫీజు పరిహారం కంటే ఎక్కువ కాబట్టి.

మాట వచ్చింది కాబట్టి మా పెదనాయన కొడుకు సంగతి కూడా చెప్పేస్తా. ఇంట్లోవాళ్లు చదువుతారు, చదవనీ. ఆయనకు రివాల్వర్ లైసెన్సు ఉంది. ప్రాణహాని ఉందని ఇచ్చారు. ప్రాణహాని రుజువు కావాలంటే శత్రువు ఉండాలి, శత్రువు ఉండాలంటే ముందు మనం ఏదో ఒకటి చేసి ఉండాలి, అది ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కాలి. ఆ అర్హతలు మా అన్నకు నిండుగా ఉన్నాయి. నాకున్న శత్రువు పంది, దాని మీద ఎఫ్ఐఆర్ కట్టరు. రివాల్వర్ కొనడం కూడా మామూలు సంగతా? 2014లో ఆడవాళ్ల రక్షణ కోసమని కాన్పూర్ నుంచి నిర్భీక్ అని ఒకటి తెచ్చారు, ధర లక్షా ఇరవై వేల పైమాటే. ఏ ఆడపిల్ల కోసమో ఆ దేవుడికే తెలియాలి, బజ్జీలు వేసే ఆమె కోసం మాత్రం కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెంచారు. మంచి పని చేశారు, మా అన్న అంతకుముందే కొన్నాడు అదొక్కటే బాధ.

మా చేనికీ ఆ అన్న చేనికీ మధ్య గట్టు తగాదా మీద పంచాయతీ పెట్టిన రోజు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చి నులక మంచం మీద కూర్చుని చొక్కా కొంచెం పైకి జరుపుకున్నాడంతే. నడుము దగ్గర ఉన్నది అందరికీ కనబడింది. పెద్దమనుషులు ఎండుగొంతుతో నీళ్లు అడిగారు. మా చేన్లో నాలుగు సాళ్లు ఆయన వైపుకు పోయాయి. తాత నాటిన వేపచెట్టు ఆ నాలుగు సాళ్లలోనే ఉంది. ఆ పంచాయతీలో ఎవరూ శిక్షణ అయిందని చూపే ఎస్-1 ఫారం అడగలేదు. సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందారా అన్నా అని నేనైనా అడగాల్సింది.

మా నాయన ఏం చేశాడు? 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే తుపాకీ గోనెసంచిలో చుట్టుకుని స్టేషన్‌కు పోయి అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. జూన్ 4న లెక్కింపు అయిపోయేదాకా అది అక్కడే. తిరిగి తెచ్చుకునేసరికి గొట్టం తుప్పు పట్టింది, కొబ్బరినూనె పెట్టి రుద్దింది మా అమ్మ. ఆ మూడు నెలలూ నాటు తుపాకీ ఉన్నవాడి ఇంటికి ఎవరూ పోలేదు, లైసెన్సు లేనివాడి పేరు ఏ లిస్టులోనూ ఉండదు కదా. కాగితం ఉన్నవాడికే కోడ్, కాగితం ఉన్నవాడికే డాక్టరు, కాగితం ఉన్నవాడికే బెంగళూరు బస్సు.

ఇక్కడే కొందరు తయారవుతారు, సోలార్ ఫెన్సింగ్ వేసుకోవచ్చు కదా అన్నా అని. వేసుకుంటా, డబ్బు మీరిస్తారా? డబ్బు లేనివాడు ఏం చేస్తున్నాడో తెలుసా? స్తంభం నుంచి నేరుగా తీగ లాగుతున్నాడు. తెల్లారి నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేను రైతు దాని మీదే పడి చస్తున్నాడు. ఇంకొకడు పిండిలో నాటుబాంబు చుట్టి గట్టు మీద పెడుతున్నాడు, పంది బదులు ఆవు కొరికి దవడ పగలగొట్టుకుంటోంది. ఆ బాంబుకు ఏ ఫారమూ లేదు, ఏ శిక్షణా లేదు, చలానా అసలే లేదు.

"నీకు తుపాకీ ఎందుకన్నా, ప్రశాంతంగా ఉండొచ్చు కదా" అని సలహా ఇచ్చే పట్నం మిత్రులకు ఒక ఆహ్వానం. కాయ ఊరే రోజుల్లో మా చేన్లో ఒక రాత్రి పడుకుని పోండి. మంచం, దుప్పటి నేనిస్తా. డబ్బా, దాన్ని కొట్టడానికి కట్టె కూడా ఇస్తా. టార్చిలైటు మాత్రం మీరే తెచ్చుకోవాలి, మాది మా నాయన దగ్గర ఉంటుంది.