ఐసోట్రెటినోయిన్ విషం, యాంటీబయాటిక్ నిరపాయమా? ఆ మెసేజ్‌కు జవాబు

తీవ్రమైన మొటిమలకు డాక్టర్లు రాసే మందుల గురించి ఒక మెసేజ్ చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇదీ: యాంటీబయాటిక్ మాత్రలు ఎన్నాళ్లు వాడినా ఏమీ కాదు. హార్మోన్ మాత్రలు వాటికి ఒక మెట్టు పైన, ఎవరైనా వాడొచ్చు. ఐసోట్రెటినోయిన్ మాత్రం విషం. దానివల్ల లివర్ పోతుంది, పిల్లలు పుట్టరు, డిప్రెషన్ వస్తుంది. మొదట్లో మొటిమలు పెరిగితే మందు పడలేదని అర్థం, వెంటనే ఆపెయ్యాలి. చివర్లో ఒక ఉచిత సలహా: తెలిసినవాళ్లకు పనిచేసిన మందుల చీటీతోనే మీరూ కొనుక్కోండి.

ఇందులో అక్కడక్కడా నిజం కలిసింది కాబట్టే జనం నమ్ముతున్నారు. అసలు తప్పు ఆ మెట్ల వరసలో ఉంది. ఈ మందులన్నీ ఒకే పని చేస్తాయని, ఘాటులోనే తేడా అని మెసేజ్ రాసినవాళ్లు అనుకున్నారు. మొటిమకు దారితీసేవి ప్రధానంగా నాలుగు: చర్మంలోని గ్రంథులు నూనె ఎక్కువగా వదలడం, రంధ్రం మృతకణాలతో మూసుకుపోవడం, క్యుటిబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియా పెరగడం, వాపు. యాంటీబయాటిక్ చివరి రెండిటినే అదుపు చేస్తుంది. హార్మోన్ మందులు నూనెను తగ్గిస్తాయి. నూనె గ్రంథులనే కుదించి నాలుగిటి మీదా ప్రభావం చూపేది ఐసోట్రెటినోయిన్ ఒక్కటే. అమెరికాలో 1982లో దానికి అనుమతి వచ్చింది కూడా వేరే మందులకు లొంగని గడ్డల మొటిమల కోసమే.

“యాంటీబయాటిక్ ఎన్నాళ్లు వాడినా ఏమీ కాదు.” మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసే మాట ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీన్ని చదివి ఎవరికీ భయం వేయదు. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ లాంటివాటిని సాధారణంగా మూడు, నాలుగు నెలలకు మించకుండా చూస్తారు. యాంటీబయాటిక్ ఒక్కటే వాడితే బాక్టీరియా మందుకు అలవాటు పడిపోతుంది. అందుకే పైపూతగా బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్ (విటమిన్ ఎ కుటుంబపు మందు) కలిపి రాస్తారు. మాత్రలు ఆపాక ఫలితాన్ని నిలబెట్టేది ఆ పూతలే. చాలామంది మాత్ర మింగి పూతను పక్కన పడేస్తారు. ఆపిన కొన్నాళ్లకు మొటిమలు తిరిగొస్తే మళ్లీ అదే మాత్ర మొదలుపెడతారు. ఇలా మూడు నెలల మందు ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోగా ముఖం మీద గుంటలు పడిపోతాయి. మొటిమ తగ్గినా గుంట అంత తేలిగ్గా పోదు.

దుష్ప్రభావాల సంగతికొస్తే, డాక్సీసైక్లిన్ వేసుకునేవాళ్లకు ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. నీళ్లు సరిగ్గా తాగకుండా మాత్ర మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కాసేపు కూర్చోమనేది అందుకే. మినోసైక్లిన్‌తో కళ్లు తిరగడం, చర్మం మీద నీలిబూడిద రంగు మచ్చలు, అరుదుగా లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లాంటి జబ్బు, లివర్ వాపు కూడా వస్తాయి. ఐసోట్రెటినోయిన్ మీద వేసిన లివర్ నింద ఈ “నిరపాయమైన” మాత్రకూ ఉందన్నమాట. మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

“లివర్ పోతుంది.” ఐసోట్రెటినోయిన్‌తో కొందరికి లివర్ ఎంజైములు పెరుగుతాయి. చాలావరకు అది స్వల్పమే, డోసు తగ్గిస్తేనో మందు ఆపితేనో దిగొస్తుంది. అంతకన్నా తరచుగా పెరిగేది ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు. మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత మధ్యలో రక్తపరీక్ష చేయించేది ఈ రెండిటి కోసమే. దాదాపు అందరికీ వచ్చే ఇబ్బంది పెదాలు ఎండి పగలడం. కళ్లు పొడిబారడం, ముక్కులోంచి రక్తం, ఒళ్లు నొప్పులు కూడా మామూలే. వీటిని దాచి “ఏమీ కాదు” అని చెప్పేవాళ్లనూ నేను సమర్థించను.

“పిల్లలు పుట్టరు.” ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. గర్భంతో ఉండగా ఈ మందు ఒంట్లో ఉంటే శిశువుకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. ముఖం, చెవులు, గుండె, మెదడు దెబ్బతింటాయి. ఈ విషయంలో ఎంత భయపడినా తప్పు లేదు. అందుకే గర్భం వచ్చే అవకాశమున్నవాళ్లకు ముందుగా ప్రెగ్నెన్సీ పరీక్ష చేస్తారు. మందుకు నెల ముందు నుంచి, వాడినన్నాళ్లూ, ఆపాక మరో నెల గర్భనిరోధం తప్పదంటారు. అమెరికాలో 2006 నుంచి దీనికోసం ఐప్లెడ్జ్ అనే ప్రత్యేక నమోదు విధానమే నడుస్తోంది. కానీ ఈ మందు కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఆపాక ఆ నెల గడువు దాటితే తర్వాతి గర్భానికి దీనివల్ల ముప్పు లేదు, సంతానయోగ్యత శాశ్వతంగా పోతుందనడానికి ఆధారమూ లేదు. మూడేళ్లు ఆగాలని కొందరు చెప్పే లెక్క అసిట్రెటిన్‌ది. అది సోరియాసిస్‌కు వాడే వేరే మందు. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండూ ఒకటే అనుకుంటారు.

“డిప్రెషన్ వస్తుంది.” దీన్ని కొట్టిపారేయలేం, మెసేజ్ చెప్పినంత తేలిగ్గా ఒప్పుకోనూ లేం. మందు కాగితం మీద ఈ హెచ్చరిక ఉంది. బ్రిటన్‌లో 2023లో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఇది మొదలుపెట్టాలంటే మందు రాసే అర్హత ఉన్నవాళ్లు ఇద్దరు ఒప్పుకోవాలని, అందరికీ మానసిక స్థితిని ముందే అడిగి తెలుసుకోవాలని నియమం తెచ్చారు. మరోవైపు, చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ మందు వాడినవాళ్లలో మొత్తమ్మీద డిప్రెషన్ పెరిగినట్టు కనిపించలేదు. తీవ్రమైన మొటిమలే మనిషిని కుంగదీస్తాయి, నలుగురిలోకి రానివ్వవు. మొటిమలు తగ్గాక చాలామంది మనసు కుదుటపడుతుంది. అయినా అరుదుగా కొందరికి మందు పడకపోవచ్చు. వాడుతున్న మనిషి తీరు మారిందని ఇంట్లోవాళ్లకు అనిపిస్తే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

“హార్మోన్ మాత్రలు ఎవరైనా వాడొచ్చు.” వాడకూడదు. మొటిమలకు హార్మోన్ మందుగా రాసే స్పైరోనోలాక్టోన్ అసలు బీపీకి, ఒంట్లో చేరిన నీటికి వాడే మందు. పురుష హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకుంటుంది కాబట్టి మహిళల మొటిమలకు పనికొస్తోంది. మగవాళ్లు వేసుకుంటే రొమ్ములు పెరగొచ్చు. గర్భిణులు వాడకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పొటాషియం పెరిగే ప్రమాదముంది. పైగా ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 410 మంది మహిళలతో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో పన్నెండు వారాల కంటే ఇరవైనాలుగు వారాలకు ఫలితం బాగా కనిపించింది. నెలకే ఆపేసి “పనిచేయలేదు” అనేవాళ్లు దీన్ని గమనించాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ మొటిమలు తగ్గిస్తాయి. కానీ గతంలో రక్తం గడ్డకట్టినవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లకు, ముప్పై అయిదు దాటి సిగరెట్ తాగేవాళ్లకు అవి ప్రమాదం. వాళ్లతో పోలిస్తే, గర్భం ప్రసక్తి లేని ఆరోగ్యవంతుడైన యువకుడికి ఐసోట్రెటినోయిన్‌తో వచ్చే చిక్కు తక్కువే కావచ్చు. మెట్ల వరస ఇక్కడే కూలిపోతుంది.

“మొదట్లో పెరిగితే ఆపెయ్యాలి.” ఐసోట్రెటినోయిన్ మొదలుపెట్టిన తొలివారాల్లో మొటిమలు కాస్త పెరగడం కొందరికి జరిగేదే. అందుకే తీవ్రంగా ఉన్నవాళ్లకు తక్కువ డోసుతో మొదలుపెడతారు. మధ్యలో ఆపితే వచ్చే చిక్కు లెక్క చూస్తే తెలుస్తుంది. కోర్సు మొత్తానికి కిలో బరువుకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు అందాలన్నది వాడుకలో ఉన్న కొలత. అరవై కిలోల మనిషికి అది 7,200 నుంచి 9,000 మిల్లీగ్రాములు. రోజుకు 40 చొప్పున ఆరు నుంచి ఏడున్నర నెలలు పడుతుంది. రెండో నెలలో మానేస్తే మొటిమలు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. అయితే జ్వరం, కీళ్ల నొప్పులతో మొటిమలు పుండ్లుగా మారినా, చూపు మసకబారేంత తలనొప్పి వచ్చినా, భరించలేని కడుపునొప్పి, రక్త విరేచనాలు కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక అరువు చీటీ. డాక్టరు అడిగిన ప్రశ్నలు ఆ చీటీ మీద కనపడవు: బరువెంత, గర్భం అవకాశముందా, ఇంకేం మందులు వాడుతున్నారు. ఇంట్లో మిగిలిన డాక్సీసైక్లిన్ వేసుకుంటూనే స్నేహితురాలి ఐసోట్రెటినోయిన్ మొదలుపెడితే పుర్రెలో ఒత్తిడి పెరిగి కంటిచూపుకే ముప్పు రావొచ్చు. ఐసోట్రెటినోయిన్ కూడా విటమిన్ ఎ కుటుంబపు మందే కాబట్టి, విటమిన్ ఎ మాత్రలు తోడైతే ఒకే రకం విషప్రభావం ఇంకా పెరుగుతుంది. ఐసోట్రెటినోయిన్ వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మరో నెలా రక్తదానం కూడా చేయకూడదంటారు. ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కించవచ్చు కాబట్టి. మిగిలిన మాత్రలు ఎవరికీ ఇవ్వకండి, ఎవరి దగ్గరా తీసుకోకండి.