గ్రామీణ వాతావరణ పరిరక్షణ నిబంధన గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నిబంధన గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నగరం మీ గడప దాకా వచ్చినా, మీరు మాత్రం నగర ప్రణాళికలోని మీ పేజీ విడిచి కదలలేదని తెలిసి సంతోషించాను.

మీ ఏలుబడిలోని పేటను కళ్లారా చూశాను. ఏమి పల్లెతనమండీ! మీ ఆజ్ఞ ప్రకారం ఎకరానికి ఒక్కటే ఇల్లు. గేటు పక్కన గోడకు ఆనించిన బండి చక్రం, దానికి రెండు పూతల వార్నిష్, ఇరుసు ఉండవలసిన చోట ఇంటి నంబరు. పుట్టిన నాటి నుంచీ బురద ఎరుగని చక్రం అది. బురద ఎరిగిన చక్రాలు ఆ వీధి చివర ట్రాక్టరుకు ఉన్నాయి. ఇళ్ల ముందు వ్యవసాయ యంత్రాలు నిలపరాదన్న మీ ఉపనిబంధన ప్రకారం దాని యజమానికి తాఖీదు అందింది. పల్లె అందం చెడుతోందట!

కోడికూత విషయంలోనూ మీది ఇదే ధోరణి. ఫ్రాన్సులోని ఒలెరాన్ దీవిలో మోరీస్ అనే కోడిపుంజు తెల్లవారకముందే కూస్తోందని, అక్కడ సెలవులు గడపడానికి ఇల్లు కొనుక్కున్న పొరుగువారు కోర్టుకెక్కారు. 2019లో కోర్టు పుంజు పక్షాన తీర్పు చెప్పింది. 2021 జనవరిలో ఆ దేశం పల్లెల చప్పుళ్లనూ వాసనలనూ వారసత్వంగా గుర్తిస్తూ చట్టమే చేసింది. మీ పుస్తకంలోనూ చప్పుళ్లు, వాసనలు ఉన్నాయి, కాదనను. అవి ఉన్నది 'ప్రజలకు ఇబ్బందులు' అన్న శీర్షిక కింద.

ఇక మీకు ప్రాణప్రదమైన ఆ ఎకరం సంగతి. సేద్యం చేసి బతకడానికి అది చాలదు, దర్జాగా పచ్చిక పెంచుకోవడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. దాన్ని కొనగలిగినవాడు పొలం పనికి వెళ్లడు. పొలం పనికి వెళ్లేవాడు దాన్ని కొనలేడు. కొడుక్కి పెళ్లయిందని రైతు తన పెరట్లోనే రెండు గదులు వేస్తానంటే, ఇళ్ల సాంద్రత పెరుగుతుందని మీరు అడ్డం పడతారు. ఆ కొత్త దంపతులు ఊరి బయట అపార్ట్‌మెంటులో చేరతారు. ఆ అపార్ట్‌మెంటు ఎక్కడ లేస్తుందనుకున్నారు? మీ హద్దు అవతల, నిన్నటి దాకా దుక్కి దున్నిన నేలలో. మీ పల్లెతనానికి ఖర్చు పక్క పల్లె ఖాతాలో పడుతోంది. నాకు మీ మీద ఉన్న అసలు కోపం ఇదే. మిగతావి సరదాకు అంటున్నాను.

1898లో ఎబెనెజర్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు, పార్లమెంటు ప్రసంగాలను షార్ట్‌హ్యాండులో రాసుకునే మనిషి, ఊహలో ఒక తోటనగరం గీశాడు. 6,000 ఎకరాల్లో పట్టణానికి ఇచ్చింది 1,000. అందులో 30,000 మందిని దగ్గర దగ్గరగా సర్ది, మిగిలిన 5,000 ఎకరాలు సాగుకూ పాడికీ వదిలి, అక్కడ మరో 2,000 మందిని లెక్క వేశాడు. పల్లె అన్నాక అక్కడ పని చేసే మనుషులు ఉంటారని అనుకున్నాడు పాపం. మీ సలహా తీసుకుని ఉంటే ఆ 2,000 మందిని లెక్క వేసే శ్రమ తప్పేది.

చివరగా ఒక సందేహం. ఈమధ్య ఒక వృద్ధ రైతు తన గేటు పక్కన బల్ల వేసుకుని, పెరట్లో కాసిన కూరగాయలు అమ్ముకుంటానని అర్జీ పెట్టాడు. నివాస ప్రాంతంలో వ్యాపారం కుదరదని తిప్పి పంపారు. అదే వీధిలో 'ఒకరోజు పల్లె జీవితం' పేరిట టికెట్లు అమ్మి, సందర్శకుల చేత మొక్కలకు నీళ్లు పోయించే సంస్థకు సాంస్కృతిక కార్యక్రమం కింద అనుమతి దొరికింది. కాబట్టి ఆ పెద్దాయన తాను నిజం రైతునన్న సంగతి దాచిపెట్టి, రైతు వేషం కట్టే కళాకారుడిగా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చునా? చేసుకుంటే తలపాగా ఇంటి నుంచి తెచ్చుకోవాలా, కార్యాలయం వారే ఇస్తారా? తిరుగుటపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
హద్దుకు ఇవతలి నగరవాసి