ఈతొచ్చినవాళ్ళ గురించే నా భయం

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగు సంఘం వాళ్ళం గోదావరి జిల్లాల్లో దిగిపోతాం. కంటి శిబిరాలు, సైకిళ్ళ పంపిణీ, శాలువాలు, ఫొటోలు. వద్దనను. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఊళ్ళ పిల్లలు జనవరి సెమిస్టరుకని అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డునున్న బఫెలో, క్లీవ్‌లాండ్ లాంటి చోట్లకి బయల్దేరుతుంటారు. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో నేర్పేవాళ్ళు వీధికొకరున్నారు. పెద్ద సరస్సుల పక్కన చలికాలం సంగతి చెప్పేవాళ్ళు మాత్రం లేరు. ఆ పని మనదే. అదీ వాళ్ళు విమానం దిగాక కాదు, ఇక్కడ ఉండగానే చెయ్యాలి.

మొన్న అంబాజీపేట దగ్గర బంధువులింట్లో ఒక కుర్రాడి పెట్టె సర్దుతున్నారు. వాళ్ళమ్మ ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టి, కవర్లో పెట్టి, తువ్వాల్లో మూటగట్టింది. నూనె తడి తగిలితే అంతా విప్పి మళ్ళీ మొదలెట్టింది. పక్కనే పడున్న ఉన్ని గ్లవుజుల్లోంచి వెలుతురు కనబడుతోంది. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. "అక్కడ సరస్సు గడ్డకడితే దాని మీద నడవొచ్చంట కదా బాబాయ్?" అన్నాడు కుర్రాడు. నేను నోరు తెరిచేలోపే వాళ్ళ తాత అందుకున్నాడు: "మావోడు వైనతేయ పాయకి అడ్డంగా ఈదేత్తాడండి. ఈడికేం భయం!"

భయం అక్కడే ఉంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి కౌశిక నీళ్ళలోంచి వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభని భుజాల మీద దాటించేవాళ్ళం మనం. నీళ్ళంటే జంకు ఉండదు. కానీ కాళ్ళ కింద మంచు విరిగి నీళ్ళలో పడ్డవాడికి ఈత వెంటనే అక్కరకు రాదు. ఆ చలికి మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగపోస్తూ నీళ్ళు మింగేస్తాం. తర్వాత ఓ 10 నిమిషాల్లో చేతులూ కాళ్ళూ మాట వినడం మానేస్తాయి. స్పృహ పోవడానికి గంట పట్టొచ్చు గానీ, బయటపడేందుకు దొరికేది ఆ 10 నిమిషాలే. వచ్చిన వైపుకే తిరిగి, కాళ్ళు తన్నుతూ, బోర్లా పాకి పైకెక్కాలి. ఎక్కాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ రావాలి. ఒడ్డున ఉన్నవాడు అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి తాడో కర్రో అందించాలి తప్ప దూకకూడదు. మనవాళ్ళు దూకుతారు. గోదారి ఒడ్డున పుట్టినవాడు చూస్తూ నిలబడలేడు.

2022 డిసెంబరులో అరిజోనాలో గడ్డకట్టిన ఒక సరస్సు మీద మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్ళు పోయారు. ఎడారి రాష్ట్రం అనుకునే చోటే అలా జరిగింది. అయినా గడ్డకట్టిన సరస్సు మీద కుటుంబమంతా నిలబడ్డ ఫొటోలు మన పత్రికలో వేస్తూనే ఉన్నాం. నా మాట వింటే అవి ఆపెయ్యాలి.

తేటగా కనిపించే మంచు కనీసం 4 అంగుళాలు ఉంటే తప్ప మనిషి కాలు పెట్టకూడదంటారు. తెల్లగా కనిపించేదైతే దానికి రెట్టింపు కావాలి. ఏరు కలిసే చోట, అడుగున నీరు పారే చోట అదే మంచు పల్చగా ఉంటుంది. కొత్త రేవులో దిగొద్దని చిన్నప్పుడు మనకి చెప్పిన బుద్ధే ఇది. పైగా ఒక ఏడాది లెక్క ఇంకో ఏడాదికి పనికిరాదు. 2014లో అయిదు మహా సరస్సుల మీద 92 శాతానికి పైగా గడ్డకట్టింది. 2024లో అందులో అయిదో వంతు కూడా లేదు. కాబట్టి "పోయినేడాది మేం నడిచాం" అనే సీనియర్ మాట నమ్మడానికి లేదు.

ఇక హిమపాతం. కెనడా నుంచి దిగే పొడి చలిగాలి, ఇంకా గడ్డకట్టని సరస్సు మీదుగా పోతూ వేడినీ తేమనీ పట్టుకుని ఒడ్డు దాటగానే కుమ్మరిస్తుంది. ఈశాన్య గాలులు బంగాళాఖాతం మీద తేమ పట్టుకుని నెల్లూరు, చెన్నైల మీద కురిసేదీ ఇలాగే. ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే కాబట్టి త్వరగా గడ్డకడుతుంది, కట్టాక ఈ హిమపాతం తగ్గుతుంది. తేమ మేఘం సన్నటి పట్టీలా వస్తుంది. 2022 నవంబరులో బఫెలో దక్షిణాన 6 అడుగులకు పైగా పడితే, నగరం ఉత్తర కొసన అందులో చిన్న వంతే పడింది. కిటికీలోంచి ఎండ చూసి కారు తీసేవాడు చిక్కుకునేది ఇందుకే. ఆ డిసెంబరులోనే వచ్చిన మంచు తుఫానులో బఫెలో ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు ఇళ్ళలోనే. అంబులెన్సులు కూడా కదల్లేకపోయాయి. కారు ఇరుక్కుంటే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజను వెయ్యాలి, లేకపోతే విషవాయువు లోపలికే వస్తుంది.

ఇవన్నీ మన పిల్లలకి కొత్తగా ఎక్కించాల్సిన పాఠాలు కావు. ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. రెండోది ఎగరేశాక పడవ ఎక్కుతానంటే ఇంట్లో ఊరుకోరు. అక్కడ రేడియోలో, ఫోన్లో వచ్చే వాచ్ (తుఫాను రావచ్చు), వార్నింగ్ (వచ్చేస్తోంది), డ్రైవింగ్ నిషేధం కూడా అలాంటి మెట్లేనని చెప్తే చాలు, కుర్రాడికి పట్టుబడుతుంది. వాళ్ళమ్మకి ఇంకా ముందు పట్టుబడుతుంది. అందుకే తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టాలంటాను.

"పండగ పూట ఈ చావు మాటలేంటండీ" అన్నాడు మన కార్యవర్గంలో ఒకాయన. పిల్లలు బయల్దేరేది పండగ పూటే మరి. వచ్చే డిసెంబరు కార్యక్రమాల్లో అమలాపురంలో ఒక పూట, భీమవరంలో ఒక పూట కేటాయించండి. మాట్లాడ్డానికి ఆ సరస్సుల ఒడ్డు నుంచి సెలవుకొచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు చాలు. వేదిక అక్కర్లేదు, శాలువాలు అసలే వద్దు. ఆ డబ్బుతో నాలుగు జతల మంచి గ్లవుజులు కొని చూపించండి.