మహారాజశ్రీ థర్మాకోల్ షీటు గారికి

కూకట్‌పల్లి నుంచి ఒక ఐదో తరగతి పిల్లాడి తల్లి నమస్కరించి వ్రాయునది ఏమనగా, మేము ఇక్కడ క్షేమం. తమరు కూడా మా సోఫా కింద, దిండు గలీబుల్లో, నిన్నటి నుంచి పెరుగన్నంలోనూ క్షేమంగానే ఉన్నారు. తమరిని కోస్తే రాలే ఆ తెల్ల గుళ్ళు చీపురుకు చిక్కవు గానీ చీరకు మాత్రం వదలకుండా అంటుకుంటాయి.

తమరి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చదివాను. పాలీస్టైరీన్ పూసలకు ఆవిరి పట్టించి ఉబ్బిస్తే తమరట. ఒంట్లో 95 శాతానికి పైగా గాలేనట. బడి ప్రాజెక్టులకు ఇంతకన్నా తగిన సరుకు ఎక్కడ దొరుకుతుంది? మట్టిలో కలవరు కాబట్టి అలంకరణ థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పెళ్ళి మండపాల్లో వధూవరుల పేర్లు మోసే కొలువు పోయినా తమరేం దిగులు పడలేదు. విద్యారంగంలో స్థిరపడ్డారు. పోయినేడు ‘పర్యావరణాన్ని కాపాడుకుందాం’ అనే అక్షరాలు కూడా తమరి ఒంట్లోంచే కోసి పంపాం. మెచ్చుకుని సర్టిఫికెట్టు ఇచ్చారు.

ఈ ఏడు అంశం గండిపేట చెరువు. ‘రేపే ఇవ్వాలంటమ్మా’ అన్నమాట మావాడి నోటి నుంచి రాత్రి భోజనాల దగ్గర తప్ప ఇంకెప్పుడూ రాదు. షట్టర్ సగం దించిన స్టేషనరీ షాపులోకి వంగి దూరాను. ‘ఏ క్లాసు మేడం? ఫిఫ్తా? అయితే డ్యామే. నీలం కాగితం గిట్ల తీస్కపోండి, మళ్ల అయిపోతయి’ అన్నాడాయన. బడి డైరీ మా కంటే ముందు ఆయనకే అందుతుందని నా అనుమానం.

నిజానికి అంశం మంచిదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మరుసటి ఏడు నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీళ్ళు ఎక్కడ నుంచి వచ్చాయి, ఎక్కడ ఆపాలి అని లెక్కలు కట్టి ఆయన చెప్పిన ఉపాయం మీదే 1920కి ఉస్మాన్ సాగర్ (అదే మన గండిపేట చెరువు), 1927కి హిమాయత్ సాగర్ లేచాయి. అంటే గండిపేట కట్ట మునిగిపోయిన ఊరు నేర్చుకున్న పాఠం. ఇదంతా మావాడికి చెబితే కళ్ళింత చేసుకుని, ‘అయితే ముందు వరద చేద్దాం, తర్వాత డ్యాము కడదాం’ అన్నాడు.

అక్కడే మా ఆయన రంగప్రవేశం. ఆఫీసులో ఏ పనైనా నలుగురికి పంచే మనిషి, ఇక్కడ కట్టరు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వరు. ‘నువ్వు జరుగు నాన్నా, వంకరపోతుంది.’ చెట్టు మీద మావాడు అతికించిన అగ్గిపుల్లల మనుషులను, అందం చెడిందని పీకి పారేశారు. అంత వరదకూ జారని జనం మా డైనింగ్ టేబుల్ మీద జారిపోయారు. అసలు కట్టకు 15 గేట్లు. మా ఆయన స్కేలు పెట్టి, నల్ల స్కెచ్ పెన్నుతో పదిహేనూ గీశారు.

‘నాన్నా, ఇవి ఎత్తేదెలా?’

‘ఎగ్జిబిషన్‌లో ఎవరూ ఎత్తమనర్రా.’

తమరిలో మాకు నచ్చే సుగుణం ఇదే. తమరి మీద ఏదీ కూలదు, కారదు. 2023 ఆగస్టు 23 తర్వాత హైదరాబాద్ బడులన్నిటా తమరు చంద్రయాన్-3గా అవతారమెత్తారు, కింద దూది పొగ పెట్టుకుని. ఆ నౌకను ఏయే భాగాలు చెడిపోవచ్చో ముందే ఊహించుకుని కట్టామని అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ గారే చెప్పారు. దానికి నాలుగేళ్ళ ముందు, 2019 సెప్టెంబరులో, చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ చంద్రుడి మీద కూలిపోయింది కాబట్టే ఆ ఊహ. మరి చంద్రయాన్-2 చేసి పట్టుకెళ్ళిన పిల్లాడు నాకు ఒక్కడూ కనబడలేదు. ఏ తండ్రి చేయనిస్తాడు చెప్పండి?

ఎగ్జిబిషన్ రోజు హాలు నిండా టేబుళ్ళు, టేబుళ్ళ వెనక పిల్లలు, పిల్లల వెనక ఎర్రటి కళ్ళతో తండ్రులు. మావాడు ఏళ్ళూ పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. మార్కులు వేయడానికొచ్చిన పెద్దాయన వంగి చూసి, ‘ఈ గేట్లు తెరవొచ్చా బాబూ?’ అని అడిగారు. ‘వద్దు సార్, నాన్న తిడతాడు’ అన్నాడు.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది దుర్గం చెరువు తీగల వంతెనకు, లైట్లు వెలిగాయి మరి. ఆ పిల్ల తండ్రి నిజంగానే సివిల్ ఇంజనీరట. మా ఆయన సాఫ్ట్‌వేరు. ఇది సమాన పోటీ కాదని ఇంట్లో ఇంకా అప్పీలు నడుస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి, తమరికి కాస్త కష్టం కలిగించేది. ఆదివారం మావాడు తులసి కోటను మాత్రం వదిలి, మిగతా కుండీల్లోని మట్టంతా బాల్కనీలో పోగేసి కట్ట కట్టాడు. మగ్గుతో నీళ్ళు పోశాడు. తెగింది. ఇంకాస్త ఎత్తు పెంచాడు, ఇంకాస్త గట్టిగా తెగింది. కింద అడుగు వెడల్పు చేశాడు, ఈసారి నీళ్ళు పైనుంచి పొర్లి కట్టను కోసుకుపోయాయి. అప్పుడు కాసేపు గోళ్ళు కొరుక్కుని, లోపలికెళ్ళి కొబ్బరిబొండాల స్ట్రాలు తెచ్చి కట్టలో గుచ్చాడు. నీళ్ళు సన్నగా బయటికొచ్చాయి, కట్ట నిలబడింది. మా ఆయన కట్టరు పట్టుకుని రెండుసార్లు లేచారు. ఆయన లుంగీ పట్టుకుని నేను కూర్చోబెట్టాను.

ఇంతలో కాలింగ్ బెల్లు. కింది ఫ్లాటు ఆంటీ, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో బురదలో తేలుతున్న గుమ్మడి వడియాలు. నేను నోరు తెరిచేలోపే మావాడు నోటుబుక్కు, పెన్ను పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తాడు.

‘ఆంటీ, వరద మీ దగ్గరికి ఎన్ని గంటలకు వచ్చింది?’

ఇట్లు,
ఫిఫ్త్ క్లాస్, బి సెక్షన్ వాళ్ళ అమ్మ