"నెట్ వాడి దోపిడీ" ఫార్వర్డ్‌లో ఏది నిజం, ఏది కాదు

ఆదివారం పొద్దున్నే నాన్న నుంచి ఓ వాట్సాప్ ఫార్వర్డ్. పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే నా దగ్గరికొచ్చేసరికే సగం టౌన్ తిరిగేసిందన్నమాట. విషయం ఏంటంటే మా ఊళ్ళో, గుంటూరు వైపు ఓ మోస్తరు టౌన్ లెండి, ఓ చిన్న ఇంటర్నెట్ కంపెనీ ఉంది, పేరు అనవసరం, కేబుల్ టీవీతో మొదలై నెట్‌లోకి దిగిన బాపతు. వాళ్ళు ఇళ్ళకిచ్చే 40 ఎంబీపీఎస్ స్పీడు ప్లాన్‌ని ట్యాక్సుతో కలిపి 399 నుంచి 499 చేశారు, "ఈ ప్లాన్ మీద నష్టం వస్తోంది, ఇంక మోయలేం" అని ఓ మెసేజ్ పెట్టారు. దానికి ఒళ్ళు మండి ఎవరో రాసిందే ఈ ఫార్వర్డ్. నష్టం అనేది పచ్చి అబద్ధం, డేటా వాడికి ఊరికే వస్తుంది, వైరు ఒకసారి లాగాక ఖర్చేముంటుంది, జియో వాడు 399కే ఇస్తున్నాడు, ఆఫీసులకి పెంచకుండా ఇళ్ళవాళ్ళనే బాదుతున్నాడు, ట్రాయ్ (టెలికాం కంపెనీల మీద రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) పర్మిషన్ లేకుండా పెంచడం నేరం, కాబట్టి ఈ నెల ఎవరూ బిల్లు కట్టొద్దు. ఇదీ దాని సారాంశం.

ముందే చెప్పేస్తున్నా, డిగ్రీ అయ్యాక నేను మూడేళ్ళు పక్క టౌన్‌లో ఇలాంటి ఆపరేటర్ దగ్గరే చేశా. ఫోన్లెత్తడం, "బాక్స్‌లో రెడ్ లైట్ వస్తోందండీ" అంటే లైన్ అబ్బాయిని పంపడం, నెలాఖరుకి కలెక్షన్ షీట్ వెయ్యడం. ఇప్పుడు ఆ ఫీల్డ్‌లో లేను, ఈ కంపెనీతో చుట్టరికం కూడా లేదు, మా ఇంట్లో కనెక్షన్ వాళ్ళదే తప్ప. అది మనసులో పెట్టుకునే చదవండి.

"399లో సగానికి సగం లాభమే" అని రాశాడు మొదటి పాయింట్. సరే లెక్క వేద్దాం. 399లో 18 శాతం జీఎస్టీ లోపలే ఉంది, అది తీసేస్తే ఆపరేటర్ చేతికొచ్చేది 338. లైసెన్స్ ఉన్న కంపెనీ తన ఆదాయం మీద గవర్నమెంట్‌కి 8 శాతం లైసెన్స్ ఫీజు కట్టాలి, అందులో 5 శాతం పల్లెలకి టెలికాం ఇవ్వడానికని పెట్టిన ఫండ్‌కి వెళ్తుంది, పాతపేరు యూఎస్‌ఓ ఫండ్, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. అది సుమారు 27. మిగిలింది 311. ఇంకా బ్యాండ్‌విడ్త్ (అంటే పై కంపెనీ నుంచి తెచ్చుకునే నెట్ కెపాసిటీ) కొనలేదు, లైన్ అబ్బాయిలకి జీతాల్లేవు, కరెంటు బిల్లు లేదు, ఆఫీసు అద్దె లేదు, కనెక్షన్ ఇచ్చినప్పుడు "ఫ్రీ" అని చెప్పి పెట్టిన వైఫై బాక్స్ డబ్బులు తిరిగి రాలేదు. సగం లాభం అన్నాయన ఇవన్నీ ఎక్కడ పెట్టాడో.

ఇంకో ఖర్చు జనానికి అస్సలు తెలీదు, లాగ్స్. ఏ కస్టమర్ ఏ టైమ్‌లో ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్) మీద ఉన్నాడో రికార్డు దాచాలి, అంతకుముందు ఏడాది ఉన్నదాన్ని 2021 డిసెంబర్‌లో లైసెన్స్ రూల్ మార్చి రెండేళ్ళు చేశారు. చిన్న వాళ్ళ దగ్గర ఐపీ అడ్రస్‌లు సరిపోవు కాబట్టి వందలమంది ఒకే అడ్రస్ వెనకుంటారు, అప్పుడు ఆ లాగ్ ఇంకా పెద్దదవుతుంది. దానికి సర్వర్లు, డిస్కులు కావాలి. పోలీసు స్టేషన్ నుంచి లెటరొస్తే తీసివ్వాలి, లేకపోతే ఓనర్ మెడకి చుట్టుకుంటుంది.

ఇక "డేటా ఊరికే వస్తుంది" అనే మాట. ఇందులో ఆవగింజంత నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి వాళ్ళు తమ వీడియోలు దాచిన సర్వర్లని పెద్ద ఆపరేటర్ల దగ్గరే ఫ్రీగా పెడతారు, అప్పుడు ఆ వీడియోలకి బయటి బ్యాండ్‌విడ్త్ పెద్దగా ఖర్చవదు. కానీ దానికో అర్హత ఉంది, నెట్‌ఫ్లిక్స్ అయితే జనం ఎక్కువగా చూసే టైమ్‌లో తన వీడియోలే 5 జీబీపీఎస్ (అంటే 5,000 ఎంబీపీఎస్) దాకా వెళ్ళాలంటుంది. మా టౌన్ మొత్తం కలిపినా అంత వెళ్ళదు. కాబట్టి చిన్నవాడు పైనున్న పెద్ద కంపెనీ దగ్గర నెలనెలా ఎంబీపీఎస్‌కి ఇంత అని కొనుక్కోవాల్సిందే, దాన్ని హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మన టౌన్ దాకా మోసుకురావడానికి మళ్ళీ వేరే డబ్బు. సిటీ నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఈ రెండోదే బరువు.

ఎంత కొనాలి అనేదే అసలు కథ. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే మీ పేరు మీద 40 పక్కన తీసి పెట్టినట్టు కాదు. 500 ఇళ్ళకి అలా పెడితే 20 జీబీపీఎస్ కావాలి, ఎవరూ కొనరు, అక్కర్లేదు కూడా, అందరూ ఒకేసారి ఫుల్లుగా వాడరు కాబట్టి. పెళ్ళిలో ఊరందరికీ ఒకేసారి విస్తళ్ళు వెయ్యం కదా, బంతికి ఎంతమంది కూర్చుంటారో చూసుకుని వేస్తాం, ఇదీ అంతే. నేను చూసినంతలో రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య ఇంటికి సగటున రెండు, రెండున్నర ఎంబీపీఎస్ పడేది. మిగతా రోజంతా పైపు సగం ఖాళీగానే ఉన్నా ఆ మూడు గంటలకి సరిపడా కొని నెలంతా కట్టాలి. దానికి తోడు క్రికెట్. 2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే టైమ్‌లో 5.9 కోట్ల మంది చూశారు, అలాంటి రోజు మా ఆఫీసులో ఫోన్ పక్కన పెట్టేవాళ్ళం, నిజం చెప్తున్నా, ఎత్తినా చెప్పడానికి ఏం లేదు.

అన్‌లిమిటెడ్ గురించి కూడా ఓ మాట. బీఎస్ఎన్ఎల్, జియో ప్లాన్లలో 3300 జీబీ అని లిమిట్ కనిపిస్తుంది కదా, అది నెలంతా రాత్రింబగళ్ళు ఆపకుండా 10 ఎంబీపీఎస్ లాగితే అయ్యే లెక్క. అంత వాడేవాళ్ళు వీధికొకరుంటారు, వాళ్ళకీ నెలకోసారి యూపీఐ కట్టి వాట్సాప్ చూసుకునే పెద్దాయనకీ ఒకటే 399. పెద్దాయన వల్లే ఆ ప్లాన్ ఇన్నాళ్ళు బతికింది, ఇప్పుడు పెద్దాయన కూడా టీవీలో యూట్యూబ్ పెట్టుకుంటున్నారు, మా నాన్నతో సహా.

"వైరు ఒకసారి లాగితే అయిపోయె" అన్నవాడు వానాకాలంలో ఓ పూట లైన్ అబ్బాయితో తిరిగి రావాలి. డ్రైనేజీకని జేసీబీ పెడితే కట్, రోడ్డు వెడల్పు చేస్తే కట్, కోతులు కొరికితే కట్, వినాయకుడి ఊరేగింపులో విగ్రహం ఎత్తు ఎక్కువైతే కర్రతో పైకి లేపుతూ లేపుతూ కట్. అతుకెయ్యడానికి స్ప్లైసింగ్ మెషిన్ కావాలి, అది వాడటం తెలిసిన కుర్రాడు కావాలి, ఆ కుర్రాడు పని నేర్చుకున్న ఏడాదికి పెద్ద కంపెనీ వాళ్ళు ఎగరేసుకుపోతారు. పోల్స్ సంగతి ఇంకో తలనొప్పి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్ కొట్టి ఐదుగురు చనిపోయారు, ఆ తర్వాత కరెంటు పోల్స్ మీద వేలాడే కేబుళ్ళు కోసేశారు, సిటీలో చాలా ఏరియాల్లో నెట్ పోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. మనుషుల ప్రాణాల ముందు కేబులేంటి, తియ్యాల్సిందే, కానీ తీసిందాన్ని మళ్ళీ పద్ధతిగా వెయ్యడానికి డబ్బవుతుంది అనేది కూడా నిజమే కదా.

జియో పాయింట్‌కి వద్దాం, అందరూ ఎక్కువ లైకులు కొట్టేది దీనికే. 399 అనేది ట్యాక్సు లేకుండా రేటు, చేతి నుంచి పోయేది 471. అది కూడా 30 ఎంబీపీఎస్‌కి, ఫైబర్ ఉన్న వీధుల్లోనే. మా వీధిలో లేదు. ఫైబర్ లేనిచోట వాళ్ళిచ్చేది ఎయిర్‌ఫైబర్, అంటే ఇంటిదాకా వైరు లేకుండా సిగ్నల్ మీద వచ్చే నెట్, అది 599 నుంచి మొదలు, ట్యాక్సుతో 707. అంటే మా వీధి వాళ్ళకి పోలిక 499కీ 399కీ మధ్య కాదు, 499కీ 707కీ మధ్య. టీవీ ఛానళ్ళు, ఓటీటీలు కలిపిస్తారు నిజమే, కావాల్సినవాళ్ళకి అది మంచి బేరమే, వెళ్ళండి, నేనేం వద్దనను.

అసలు పెద్దవాళ్ళు రేట్లు పెంచరా? 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ ముగ్గురూ ఒకటి రెండు రోజుల తేడాతో మొబైల్ రీఛార్జులు పెంచేశారు, అప్పుడు కాసేపు తిట్టుకుని మళ్ళీ రీఛార్జ్ చేసుకున్నాం. 2020లో జియో ప్లాట్‌ఫామ్స్‌లోకి ఫేస్‌బుక్ 43,574 కోట్లు, గూగుల్ 33,737 కోట్లు పెట్టాయి, అలాంటి వాడు ఓ ఊళ్ళో పదేళ్ళు లాభం లేకుండా కూర్చోగలడు. మా టౌన్ ఆపరేటర్ పెట్టుబడి చిట్టీ పాట. ఇద్దరికీ ఒకటే రేటు ఉండాలంటే ఎలా?

మరి ఇన్నాళ్ళు 399కి ఎలా ఇచ్చాడు అంటారా? టీవీ డబ్బులతో. అత్త సొమ్ము అల్లుడు దానం. ఛానళ్ళ రేటు కాకుండా కేబుల్ కనెక్షన్‌కని 2024 దాకా ట్రాయ్ పరిమితి పెట్టిన నెట్‌వర్క్ ఫీజు 130, ట్యాక్సుతో 153, అది ఇంటింటికీ నెలనెలా వచ్చేది, వేరే ఒప్పందం లేకపోతే అందులో లోకల్ ఆపరేటర్ వాటా 45 శాతం. జనం ఛానళ్ళు తీసేసి నెట్ మీదే సినిమాలు చూడ్డం మొదలెట్టాక ఆ అత్త సొమ్ము అయిపోయింది, పైగా టీవీ తీసేసినవాళ్ళే నెట్ ఎక్కువ లాగుతారు. ఇక్కడ ఆపరేటర్ తప్పుంది, నేను వెనకేసుకు రాను. ఇంకో కంపెనీ టౌన్‌లోకి దిగిందని భయపడి, తనకెంత పడుతుందో చూసుకోకుండా 399 బోర్డు పెట్టాడు. ఇప్పుడు పెంచింది తప్పు కాదు, అప్పుడు పెట్టింది తప్పు.

ఆఫీసుల విషయం. "డబ్బున్నోళ్ళకి పెంచలేదు చూశారా" అని రెచ్చగొట్టాడు, మొత్తం ఫార్వర్డ్‌లో నాకు చిరాకేసింది ఇక్కడే. బ్యాంకు, స్కూలు, ఆస్పత్రి తీసుకునేది లీజ్డ్ లైన్, అంటే వాళ్ళ కోసమే విడిగా ఇచ్చే కనెక్షన్, ఎంబీపీఎస్‌కి వాళ్ళు కట్టేది ఇళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా చాలావరకు వాళ్ళు వాడేది పగలు. ఇందాక చెప్పిన పెళ్ళి బంతే తీసుకోండి, ఆఫీసులు పదకొండింటి బంతికి తినేసి వెళ్ళిపోతాయి, ఇళ్ళు రాత్రి బంతికి వస్తాయి, కుర్చీలు కొన్నది రాత్రి బంతి కోసమే కాబట్టి ఆఫీసుల వల్ల కొత్తగా అయ్యే ఖర్చు తక్కువ. వాళ్ళకి పెంచితే ఏమవుతుంది? వాళ్ళు పెద్ద కంపెనీకి పోతారు, అప్పుడు ఇళ్ళవాళ్ళకి 499 కూడా సరిపోదు.

రేటు పెంచకుండా ఇంకో దారుంది, నేను పనిచేసిన చోట మా ఓనర్ పట్టింది అదే. రేటు ముట్టుకోలేదు. కొనే బ్యాండ్‌విడ్త్ కూడా ముట్టుకోలేదు. ఇళ్ళు మాత్రం పెంచుకుంటూ పోయాడు. రాత్రి తొమ్మిదింటికి వీడియో గుండ్రంగా తిరుగుతుంటే జనం ఫోన్ చేసేవాళ్ళు, "స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి సార్" అనమని మాకు ట్రైనింగ్, ఆ టెస్ట్ సర్వర్ మా నెట్‌వర్క్ లోపలే ఉండేది, కాబట్టి 40కి 40 చూపించేది. పాపం వాళ్ళు తమ ఫోనే పాడైందనుకునేవాళ్ళు. ఓ రిటైర్డ్ మాస్టారైతే నా మాట నమ్మి కొత్త రూటర్ కొన్నారు, ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. దాంతో పోలిస్తే "నష్టం వస్తోంది, వంద పెంచుతున్నా" అని ముఖం మీద చెప్పినవాడు నాకు నయంగానే కనిపిస్తాడు.

ట్రాయ్ పాయింట్. పర్మిషన్ అక్కర్లేదు. బ్రాడ్‌బ్యాండ్ రేట్లు ఎంతుండాలో ట్రాయ్ చెప్పదు, కంపెనీలకే వదిలేసింది, పెట్టిన ఏడు పనిదినాల్లోపు రిపోర్ట్ చెయ్యాలంతే. నేరం గీరం ఏం లేదు. కానీ ఈ పోస్ట్ రాసినాయన చేతిలో ఉన్న అసలు ఆయుధం వదిలేసి కట్టెపుల్ల పట్టుకున్నాడు. నాకు తెలిసినంతలో ట్రాయ్ రూల్ ప్రకారం ఓ ప్లాన్‌లో చేరిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ఆ కస్టమర్‌కి రేటు పెంచకూడదు, ముందే ఏడాదికి కట్టినవాళ్ళకైతే ఆ గడువు అయ్యేదాకా పెంచకూడదు. ఈ కంపెనీ మెసేజ్‌లో ఉన్నది "ఒకటో తారీఖు నుంచి అందరికీ కొత్త రేటు" అని, అదీ నాలుగు రోజుల ముందు. అది మాత్రం కుదరదు. రెండు నెలల క్రితం చేరినవాళ్ళని, ఏడాది కట్టినవాళ్ళని వంద అడిగితే ఇవ్వక్కర్లేదు. ముందు వాళ్ళ కంప్లైంట్ ఫోన్ నంబర్‌కి చెప్పి డాకెట్ నంబర్ (మీ కంప్లైంట్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) తీసుకోండి, వినకపోతే వాళ్ళ అప్పీల్ అథారిటీకి, అంటే కంప్లైంట్ మీద అప్పీలు వినే వాళ్ళకి, రాయండి. ట్రాయ్ విడి కంప్లైంట్లు తీసుకోదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, టెలికాం కేసులు అక్కడ వెయ్యొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టే చెప్పింది.

"ఎవరూ బిల్లు కట్టొద్దు" అంటే ప్రీపెయిడ్ కనెక్షన్ తెల్లారేసరికి ఆగిపోతుంది, అంతే, పిల్లల ఆన్‌లైన్ క్లాసు పోతుంది. నచ్చకపోతే మారిపోండి, అది మీ హక్కు.

ఇదంతా నాన్నకి ఫోన్‌లో చెప్పా. "అయితే నేను వంద కట్టాలా వద్దా, అది చెప్పరా ముందు" అన్నారు. మనం సంక్రాంతికి ఏడాదిది ఒకేసారి కట్టాం కదా, ఆ ఏడాది అయ్యేదాకా పాత రేటే, ఆ రసీదు ఫొటో తీసి పంపండి, నేను వాళ్ళకి పెడతా అన్నా. రెండు రోజులైంది, టీవీ వెనకా, పంచాంగం సంచిలో, ఫ్రిజ్ మీదా ఇంకా వెతుకుతున్నారు.