గుంపుకు దూరంగా, గుంపుతో కలిసి

నేను లోకం నుంచి ప్రత్యేకింపబడినవాణ్ని. ఈ మాట నేను చెప్పుకోవడం లేదు, నా కారు వెనక అద్దం చెబుతోంది. దాని మీద ఒక చేప, చేప పక్కన సిలువ, కింద 'గుంపు వెంట కాదు, గొర్రెపిల్ల వెంట' అని పెద్ద అక్షరాల స్టిక్కర్. (గొర్రెపిల్ల అంటే యేసు.) ఆరాధన రోజున మా ప్రార్థన మందిరం ముందు ఆగిన ప్రతి కారుకీ ఇదే స్టిక్కర్ ఉంటుంది. అందరం ఒకే రోజు, ఒకే సైజులో కొన్నాం. గుంపులో గోవిందా అనే రకం కాదు మేం. (సామెతలోని పేరు విషయంలో సంఘపెద్దలు క్షమించాలి. ఇంత బాగా అతికే మాట ఇంకోటి దొరకలేదు.)

ఈ లోక మర్యాదను అనుసరించవద్దని అపొస్తలుడు పౌలు రోమాలోని విశ్వాసులకు రాశాడు. నాశనానికి పోయే ద్వారం వెడల్పు, జీవానికి పోయేది ఇరుకు అని యేసే చెప్పాడు. ఇరుకు ద్వారం గుండా వెళ్లేవాళ్లు కొందరే అయితే ముందు వరుస కుర్చీల కోసం ఇంత తోపులాట ఎందుకని మాత్రం అడక్కండి. అది వేరే కమిటీ చూసుకుంటుంది.

నలుగురిలో వేరుగా కనిపించడానికి ఖర్చు లేని మార్గాలు చాలా ఉన్నాయి. వాటిలో నాది అందె వేసిన చెయ్యి. ఎవరైనా అప్పు అడిగితే లోకస్థుడు మొహం మీదే 'కుదరదు' అనేస్తాడు. నేను 'ప్రార్థన చేసి చెబుతాను బ్రదర్' అంటాను. లోకస్థులు పక్కింటివాళ్ల మీద చాడీలు చెప్పుకుంటారు. మేం ఆ పాపం జోలికే పోం. పక్కింటివాళ్ల కోసం ప్రార్థన మనవులు ఇచ్చుకుంటాం, పేర్లతో సహా, ఎవరు ఎవరితో ఎక్కడ కనిపించారో వివరాలతో సహా. దేవుడికి సంగతులు స్పష్టంగా తెలియాలి కదా.

ఇంత అనుభవం ఉన్న నాకు కూడా యేసు విషయంలో ఒక చిక్కు తెగలేదు. ఆయన్ని పట్టుకోవడానికి కత్తులు, గుదియలతో జనం వచ్చిన రాత్రి, ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు యూదా ఆ జనానికి ఒక గుర్తు చెప్పాల్సి వచ్చింది. నేను ఎవరిని ముద్దు పెట్టుకుంటానో ఆయనే, పట్టుకోండి అన్నాడు. అంటే ఏమిటి? పక్కన నిలబడ్డ జాలరి శిష్యుల మధ్య ఆయన్ని చూడగానే పోల్చుకునే ఆనవాలు ఏదీ లేదన్నమాట! వేరే రంగు బట్ట లేదు, మెడలో గొలుసు లేదు. పైగా సుంకరుల, అంటే పన్ను వసూలు చేసేవాళ్ల, ఇళ్లలో కూర్చుని భోంచేసి, తిండిబోతు, తాగుబోతు అనిపించుకున్నాడు. ఇదే మా సంఘంలో అయితే కనీసం 3 నెలలు వేదిక ఎక్కనిచ్చేవాళ్లం కాదు.

మొదటి తరాల వాళ్ల సంగతి ఇంకా నిరాశగా ఉంటుంది. క్రీ.శ. 112 ప్రాంతంలో ఇప్పటి టర్కీలోని బితూనియ, పొంతు ప్రాంతాన్ని ఏలుతున్న ప్లీని అనే రోమా అధికారి, ఈ క్రైస్తవుల్ని ఏం చేయమంటారని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. వీళ్లు రహస్యంగా ఏం ఘోరాలు చేస్తున్నారో అని పాపం ఆయనకు పెద్ద టెన్షన్. కొందర్ని విచారించాడు. సంఘంలో పరిచారికలైన ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింసలు పెట్టి మరీ అడిగించాడు. అంతా చేస్తే తేలింది ఇంతే. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారు, ఒక ఒట్టు వేసుకుంటారు. దొంగతనం చెయ్యం, దోపిడీ చెయ్యం, వ్యభిచరించం, ఆడిన మాట తప్పం, ఎవరైనా నమ్మి మన దగ్గర దాచిన సొమ్ము తిరిగి అడిగితే లేదనం.

అయిపోయింది. ఒట్టు అంతే!

జుట్టు గురించి ఒక్క ముక్క లేదు. నగల గురించి లేదు. స్టిక్కర్ల ఊసే లేదు. మా కమిటీని అడిగి ఉంటే ఒక్క సాయంత్రంలో 40 నియమాలు రాసి, అచ్చు వేయించి, గోడకు తగిలించేవాళ్లం. దాచిన సొమ్ము గురించిన ఆ చివరి మాట మాత్రం తీసేయించేవాణ్ని. ఒక సహోదరుడు రెండేళ్ల కిందట నా చేతిలో కొంత డబ్బు పెట్టాడు. ఈ మధ్య ఎదురుపడినప్పుడల్లా దాని గురించి అడుగుతున్నాడు. ఆత్మీయ ఎదుగుదల బొత్తిగా లేదు. 'ప్రభువు సమయం వస్తుంది' అని ఓపిగ్గా బోధిస్తున్నాను.

నాకు నచ్చిన మనిషంటే సిమియోను అనే సన్యాసే. 5వ శతాబ్దంలో సిరియాలో, అలెప్పోకు దగ్గర్లో, జనం గోల పడలేక ఒక స్తంభం ఎక్కి కూర్చున్నాడు. దాన్ని పెంచుకుంటూ పోయి చివరికి సుమారు 15 మీటర్లు చేశాడు. 459లో చనిపోయేదాకా, అంటే 35 ఏళ్లకు పైగా, స్తంభం మీదే. జనానికి దూరంగా పోవాలని ఎక్కినవాణ్ని చూడటానికి దూరదేశాల నుంచి కూడా జనం వచ్చారు. ఆయనకు అది బాధగా ఉండేదేమో. మాకు మాత్రం అందులో మంచి కిటుకు దొరికింది.

షద్రకు, మేషాకు, అబేద్నెగోల మీద నేను చాలాసార్లు వాక్యం చెప్పాను. బైబిల్లోని దానియేలు గ్రంథంలో ఉంది వాళ్ల కథ. దూరా మైదానంలో బబులోను రాజు నిలబెట్టించిన 60 మూరల ఎత్తు ప్రతిమ. బాకా, పిల్లంగ్రోవి, వీణ మోగగానే అందరూ సాగిలపడాలి, లేకపోతే అగ్నిగుండంలో పడేస్తారు. ముగ్గురే నిలబడ్డారు. గమనించండి, 'మేం నిలబడ్డాం' అని వాళ్లెక్కడా ప్రకటించుకోలేదు. కొందరు కల్దీయులు వెళ్లి రాజుకు ఫిర్యాదు చేస్తేనే సంగతి తెలిసింది. ఆ చోట నేనుంటే అంతదాకా రానిచ్చేవాణ్ని కాదు. సరిగ్గా బాకా మోగే వేళకు వంగి చెప్పు పట్టీ సరిచేసుకునేవాణ్ని. మొక్కినట్టూ కాదు, మొక్కనట్టూ కాదు. అగ్నిగుండం ఆదా.

ఈ నేర్పు మొన్న ఆఫీసులో పనికొచ్చింది. ఒక పని చెడింది. చెడగొట్టింది మేమే, అందరికీ తెలుసు. ఎవరి మీదైనా వెయ్యాలి కాబట్టి మీటింగుకు రాని ఒక జూనియర్ కుర్రాడి మీద వేద్దామన్నారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. అందరి చేతులూ లేచాయి. సమూహంతో చేరి న్యాయం తప్పే సాక్ష్యం చెప్పవద్దని నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఉన్న సంగతి నాకు తెలియక కాదు. బైబిల్ క్విజ్‌లో ఆ ప్రశ్నకు బహుమతి కూడా తెచ్చుకున్నాను. అందుకే చెయ్యి పూర్తిగా ఎత్తలేదు. మోచేతి దాకా ఎత్తి, తల గోక్కున్నట్టు పెట్టాను. లెక్క రాసుకునేవాడు దాన్నీ లెక్కలో వేశాడు, నా తప్పేం లేదు.

ఒకాయన మాత్రం చెయ్యెత్తలేదు. "ఆ వారమంతా ఆ అబ్బాయి సెలవులో ఉన్నాడు కదండీ, చేసింది మనం" అన్నాడు. గదంతా నిశ్శబ్దం. ఆయన ఏ మందిరానికీ వెళ్లడు. ఆయన కారు అద్దం ఖాళీ. ఆ రాత్రే ఆయన రక్షణ కోసం భారంతో ప్రార్థన మనవి ఇచ్చాను.

నిన్న సాయంత్రం ఇద్దరం ఒకేసారి బయటికొచ్చాం. నా కారు వెనక నిలబడి స్టిక్కర్ మొత్తం చదివి, నిజంగా ఆశ్చర్యపోయాడు. "అరె, మీరు క్రైస్తవులా? ఏడేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం, ఎప్పుడూ అనిపించలేదండీ."

నాకు చాలా బాధ కలిగింది. ఇంత చిన్న సైజు కొని ఉండాల్సింది కాదు. అద్దమంతా నిండేది ఒకటి ఆర్డర్ పెట్టాను.