లిగమెంట్ తెగాక మళ్ళీ కూతకు వెళ్ళాలా?

కబడ్డీలో కూతకు వెళ్ళిన కుర్రాడు బోనస్ గీత దగ్గర కాలు మోపి వెనక్కి తిరుగుతాడు. ఎవరూ ముట్టుకోకుండానే మోకాలిలో టప్‌మని శబ్దం వస్తుంది. గంటా రెండు గంటల్లో మోకాలు ఉబ్బిపోతుంది. పది పదిహేను రోజులు ఇంటిపట్టున ఉంటే వాపు దిగి నడక మామూలవుతుంది. తప్పుడు నిర్ణయాలు మొదలయ్యేది అక్కడే.

మొదటి పొరపాటు ఎక్స్‌రే దగ్గర జరుగుతుంది. అందులో ఎముక తప్ప లిగమెంట్ కనపడదు. 'ఎక్స్‌రేలో ఏమీ లేదు' అన్న మాట ఇంటికి వచ్చేసరికి 'ఏమీ కాలేదు' అయిపోతుంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరిగెత్తే అలవాటు మనది. కానీ ఇక్కడ తెగేది ఎముక కాదు, కీలు లోపల తొడ ఎముకనూ పిక్క ఎముకనూ కలిపి పట్టి ఉంచే పట్టీ లాంటి లిగమెంట్, దాని పేరు ఏసీఎల్. తెగిన ఏసీఎల్‌ను పైనుంచి వేసే ఏ కట్టూ అతికించలేదు. శబ్దం, వెంటనే వాపు, ఆ తర్వాత మెట్లు దిగుతుంటేనో పక్కకు తిరుగుతుంటేనో మోకాలు జారినట్టు ఉండటం: ఈ మూడూ కలిస్తే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాలి. పిక్కను ముందుకు లాగి చేసే చేతి పరీక్షతోనే అనుభవం ఉన్న డాక్టరుకు చాలావరకు తెలిసిపోతుంది. ఎమ్మారై దాన్ని ఖాయం చేస్తుంది, పక్కన ఇంకేం దెబ్బతిందో కూడా చూపిస్తుంది.

మట్టి కోర్టులో ఆడినవాళ్ళు 'మా రోజుల్లో ఇన్ని లిగమెంట్లు పోలేదు' అంటుంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. మట్టి మీద పాదం కాస్త జారుతుంది. మ్యాట్ మీద, అదీ బూట్లతో, పాదం అతుక్కుపోతుంది. పాదం కదలక ఒళ్ళు తిరిగితే ఆ మెలి మొత్తం మోకాలే మోయాలి. అయితే ఆ రోజుల్లో ఎమ్మారై కూడా లేదు. 'మోకాలు పోయింది' అని ఆట మానేసినవాళ్ళలో ఎందరికి ఏసీఎల్ తెగిందో లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఏసీఎల్ లేకుండా బతకొచ్చు. నడక, బండి నడపడం, సైకిలు, తిన్నగా పరుగు చాలామందికి ఇబ్బంది లేకుండా సాగిపోతాయి. తొడ కండరాలు బాగా పెంచుకుని, మెలితిరిగే ఆటలు వదిలేస్తానంటే ఆపరేషన్ లేకుండా ఉండటమూ గౌరవమైన దారే. కబడ్డీలో మాత్రం తిన్నగా చేసే పని దాదాపు లేదు. మోకాలు జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది, చిరుగుతుంది. దాని లోపలి భాగానికి రక్తం అందదు కాబట్టి చిరిగితే మానదు. అది పోయిన మోకాలికి అరుగుదల త్వరగా వస్తుంది. అందుకే 'ఈ సీజన్ ఆడేసి తర్వాత ఆపరేషన్ చేయించుకుంటా' అన్నది ఉన్న దారులన్నింటిలోకీ చెడ్డది. అతికించగలిగిన దాన్ని అడ్డం పెట్టి అతకని దాన్ని పోగొట్టుకోవడం అది. మెడికల్ షాపులో దొరికే మోకాలి క్యాప్ దీన్ని ఆపలేదు. అది ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యమే ప్రమాదం.

ఇక ఆపరేషన్ చేయించుకుని తిరిగి ఆడటం సంగతి. 2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్ళీ పోటీ స్థాయి ఆటకు చేరినవాళ్ళు 55 శాతం. 2016 నాటి మరో సమీక్షలో, 25 ఏళ్ళలోపు వయసులో తిరిగి ఆటకు దిగినవాళ్ళలో 23 శాతం మందికి అదే మోకాలో రెండోదో మళ్ళీ తెగింది. అంటే సుమారు నలుగురిలో ఒకరికి. ఇవి కబడ్డీ మీద తీసిన లెక్కలు కావు, కానీ కబడ్డీకి ఇంతకన్నా తక్కువ ఉంటుందని అనుకోవడానికి నాకైతే కారణం కనపడదు. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో రింగుకు దూరమై, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది కదా అని ఉదాహరణ చెబుతారు. భుజం వేరు, మోకాలు వేరు. పైగా తిరిగి రాలేకపోయినవాళ్ళ పేర్లు పేపర్లో పడవు.

మళ్ళీ తెగే ప్రమాదాన్ని తగ్గించేది ప్రధానంగా సమయం. తెగిన లిగమెంట్ స్థానంలో, ఎక్కువగా తొడ వెనక నుంచి తీసి మోకాలిలో బిగించే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) మొదట్లో రక్తప్రసరణ లేని ముక్క. తొలి నెలల్లో అది బలపడకపోగా బలహీనపడుతుంది, తర్వాతే మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. నొప్పి మాత్రం మూడు నాలుగు నెలలకే పోతుంది. కుర్రాడు జాగింగ్ చేస్తుంటాడు, కోచ్ చూస్తాడు, 'బాగానే ఉన్నావుగా' అంటాడు. 2016లోనే 106 మందితో చేసిన ఒక అధ్యయనంలో, ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల వెనక్కి జరిపేకొద్దీ మళ్ళీ గాయపడే రేటు సుమారు సగానికి పడిపోయింది. క్యాలెండర్ చూసుకోండి. ఏప్రిల్ మొదటి వారంలో ఆపరేషన్ అయినవాడికి సంక్రాంతి నాటికి తొమ్మిది నెలలు నిండుతాయి. జూన్‌లో అయినవాడికి ఏడే.

తొమ్మిది నెలలు నిండటం ఒక్కటే చాలదు. ఒంటికాలి మీద ముందుకు గెంతి, అదే కాలి మీద నిలబడి, దూరం టేపుతో కొలవాలి. మంచి కాలు 150 సెంటీమీటర్లు గెంతితే ఆపరేషన్ కాలు కనీసం 135 గెంతాలి, అంటే 90 శాతం. ఇక్కడో మోసం ఉంది. తుంటి, చీలమండ సాయంతో గెంతు దూరం వచ్చేస్తుంది, మోకాలి బలహీనత దాగిపోతుంది. అందుకని జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం మీద ఒక్కో కాలి బలాన్ని విడిగా ఫిజియో సమక్షంలో చూసుకోవాలి. అక్కడా 90 శాతమే గీటురాయి. ఇన్ని నెలల్లో మంచి కాలు కూడా సన్నబడి ఉంటుంది కాబట్టి 90ని కనీస మార్కుగానే చూడాలి.

మోకాలి విషయంలో ఇలా లెక్కలు వేసుకోవచ్చు, బేరమూ ఆడొచ్చు. తల విషయంలో బేరం లేదు. యాంకిల్ హోల్డ్‌కు, అంటే కూతకు వచ్చిన రైడర్ చీలమండ పట్టుకోవడానికి, దూకిన డిఫెండర్ మొహానికి రైడర్ మోకాలు తగులుతుంది. డుబ్కీ వేసిన (డిఫెండర్ల చేతుల కిందుగా వంగి దూరిన) రైడర్ తల ఎవరి తుంటికో కొట్టుకుంటుంది. స్పృహ తప్పితేనే దెబ్బ అనుకోవద్దు. స్కోరెంతో చెప్పలేకపోవడం, తూలడం, వాంతి, అడిగిందే అడగడం, వీటిలో ఏది కనపడినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. స్కానింగ్ మామూలుగా వచ్చినా కంకషన్ (తల అదిరి మెదడు పనితీరు దెబ్బతినడం) లేదని కాదు. తిరిగి రావడానికి అంతర్జాతీయంగా పాటించే పద్ధతిలో ఆరు మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు, ఒళ్ళు తగిలే ప్రాక్టీసు డాక్టరు ఒప్పుకున్నాకే. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, ముఖ్యంగా చిన్న వయసులో, మెదడు ఉబ్బి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ దానికి తొమ్మిది నెలల ఫిజియో లాంటి మందేమీ లేదు. ఒక కంకషన్ పూర్తిగా తగ్గిన కుర్రాణ్ణి ఆట మాన్పించనక్కర్లేదు. దెబ్బ దెబ్బకూ కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతున్నా, ముందుకన్నా చిన్న దెబ్బకే లక్షణాలు వస్తున్నా మానేయమని చెప్పడానికి వెనకాడకూడదు.

స్పోర్ట్స్ కోటా కోసమే ఆడుతున్నవాళ్ళు ఇంకో లెక్క చూసుకోవాలి. కోటాకు పనికొచ్చేవి గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లు. పండక్కి ఊరూరా జరిగే టోర్నీల కప్పులు అందులోకి రావు. డాక్టరూ, బీమా లేనివి కూడా ఎక్కువగా అవే. ఆపరేషన్ అయిన మోకాలితో ఏడాదికి ఆడే మ్యాచ్‌లు పదిహేనే అనుకుంటే, వాటిని జిల్లా, రాష్ట్ర సెలెక్షన్లకు దాచుకోవాలి. ఊరి కెప్టెన్‌కు కోపం వస్తుంది. రానివ్వండి.